యాభై కాపీలా, ఐదా? డిజిటల్ బొమ్మకు ఎడిషన్ ఎంత పెట్టాలి

ప్రశ్న: మాది రాజమండ్రి. పగలు ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేసే ఉద్యోగం. రాత్రిళ్లు ట్యాబ్లెట్ మీద నా సొంత బొమ్మలు వేసుకుంటాను. రెండేళ్లుగా వాటిని టెజోస్ అనే బ్లాక్‌చెయిన్ (అందరికీ కనిపించే ఆన్‌లైన్ ఖాతా పుస్తకం) మీద ఎన్ఎఫ్‌టీలుగా, అంటే ఎవరి సొంతమో నమోదయ్యే డిజిటల్ టోకెన్లుగా అమ్ముతున్నాను. మూడు బొమ్మలు వన్ ఆఫ్ వన్‌గా, అంటే ఒక్కటే కాపీగా, 40, 45, 60 టెజ్‌లకు (టెజోస్ క్రిప్టో నాణెం) పోయాయి. పదేసి కాపీల ఎడిషన్లు రెండు వేస్తే, నెమ్మదిగానైనా పూర్తిగా అమ్ముడయ్యాయి. ఆ ధైర్యంతో పోయినసారి ఒక బొమ్మకు 50 ఎడిషన్ పెట్టాను, కాపీ 3 టెజ్. ఆరు నెలల్లో 17 పోయాయి. మిగతా 33 నా పేజీలో అలాగే ఉన్నాయి. చూసినప్పుడల్లా టెన్షన్. ఇప్పుడు గోదావరి వరద రోజుల మీద 12 బొమ్మల సిరీస్ పూర్తి చేశాను. వాటిలో రెండు కదిలే లూప్‌లు. ఒక్కోదానికి 100 పెట్టు, చేతులు మారేకొద్దీ రాయల్టీ (మళ్లీ అమ్మిన ధరలో వాటా) వస్తుంది అని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇంకో ఫ్రెండ్ ఓపెన్ ఎడిషన్ (గడువులోగా ఎందరు కొంటే అన్ని కాపీలు) పెట్టమంటోంది. నా దగ్గర ఇదివరకే రెండుసార్లు కొన్న ఆర్ట్ కలెక్టర్ (బొమ్మలు సేకరించే ఆయన) ఒకాయన, రేవు మునిగిన బొమ్మను వన్ ఆఫ్ వన్‌గా ఇస్తే తీసుకుంటానని మెసేజ్ పెట్టారు. ఒక కేఫ్ వాళ్లు ఇవే బొమ్మల కాగితం ప్రింట్లు అడుగుతున్నారు. ఇప్పటిదాకా నా దగ్గర కొన్న 22 వాలెట్ల (కొన్నవాళ్ల ఆన్‌లైన్ ఖాతాల) జాబితా జత చేశాను. ఎన్ని కాపీలు పెట్టమంటారు?
– ఎస్., రాజమండ్రి

జవాబు: ఎస్. గారూ, ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. లూప్‌లు రెండూ వన్ ఆఫ్ వన్‌గా ఉంచండి. తొమ్మిది బొమ్మలకు ఐదేసి కాపీలు పెట్టండి. ఆ ఐదులో ఒకటి మీ దగ్గరే ఉండాలి, నాలుగే అమ్మకానికి. మిగిలిన ఒక్క బొమ్మను మూడు రోజుల ఓపెన్ ఎడిషన్‌గా వదలండి. యాభై వద్దు, వంద అసలే వద్దు.

ఇంత చిన్న అంకె చూసి మీకు కాస్త దిగులు కలగొచ్చు. కానీ ఈ అంకె మీరు పంపిన జాబితాలోంచే వచ్చింది. ఆ 22 వాలెట్లను ఒక్కొక్కటిగా తెరిచి చూశాను. మీరూ ఒకసారి కూర్చుని చూడండి, చాలా విషయాలు తెలుస్తాయి. ఎనిమిది మంది మీ దగ్గర ఒకటికంటే ఎక్కువసార్లు కొన్నారు. వాళ్లు కొన్నవి ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఎవరూ అమ్మకానికి పెట్టలేదు. ఐదుగురు మీలాగే బొమ్మలు వేసేవాళ్లు. మీరు వాళ్లవి కొన్నారు, వాళ్లు మీవి కొన్నారు. ఇందులో తప్పేమీ లేదు, టెజోస్‌లో మొదటినుంచీ ఉన్న మంచి అలవాటే అది. కాకపోతే దాన్ని డిమాండ్ లెక్కలో వేసుకోకూడదు. ముగ్గురు కొన్న రోజే రెట్టింపు ధరకు లిస్టింగ్ పెట్టారు. వాళ్లకు మీ బొమ్మతో పనిలేదు. మిగతా ఆరుగురు ఒక్కసారి కొని మళ్లీ రాలేదు.

అంటే మీరు కొత్త బొమ్మ పెట్టిన రోజు తప్పకుండా వచ్చి చూసేవాళ్లు ఎనిమిది మంది. వాళ్లయినా పన్నెండూ కొనరు. ఎంత ఇష్టపడ్డా ఒక సిరీస్‌లో తలా మూడో నాలుగో తీసుకుంటారు. అది 24 నుంచి 32 కాపీలు. మిగతా వాళ్లందరి నుంచీ కలిపి ఇంకో పది అనుకుందాం. ఎంత ఆశగా లెక్కేసినా నలభై దగ్గర ఆగుతుంది. మీరు రెండేళ్లలో అమ్మిన మొత్తం కాపీలు కూడా సరిగ్గా 40: మూడు వన్ ఆఫ్ వన్‌లు, రెండు పదులు, ఒక పదిహేడు. ఇప్పుడు పన్నెండు బొమ్మలకు యాభైలెక్కన పెడితే 600 కాపీలవుతాయి. వంద చొప్పున అయితే 1200.

చాలామంది ఎడిషన్ గురించి ఆలోచించేటప్పుడు బొమ్మకు ఎన్ని అని మాత్రమే చూస్తారు. సిరీస్ మొత్తానికి ఎన్ని అవుతున్నాయో కూడుకోరు. కొనేవాళ్లు మాత్రం సిరీస్ మొత్తాన్నీ చూస్తారు. పెళ్లికి వచ్చేవాళ్లను లెక్కపెట్టుకునే కదా విస్తళ్లు వేయిస్తాం. నేను చెప్పిన పద్ధతిలో తొమ్మిది బొమ్మలకు నాలుగేసి చొప్పున 36 కాపీలు అమ్మకానికి వస్తాయి. వచ్చేవాళ్ల లెక్కకు అది ఓ నాలుగు తక్కువ. తక్కువ ఉండటమే కావాలి. ఎవరికో ఒకరికి దొరక్కపోతే వాళ్లు తర్వాతి బొమ్మకు త్వరగా వస్తారు. లేదా కొన్నవాళ్లను అడుగుతారు. సెకండరీ అమ్మకం (కొన్నవాళ్లు మళ్లీ అమ్మడం) అంటూ మొదలయ్యేది అలాగే.

మీ ఫ్రెండ్ చెప్పిన రాయల్టీ మాట ఇక్కడే తేల్చేద్దాం. మీ 50 ఎడిషన్ పేజీ తెరిచి చూడండి. మీ లిస్టింగ్ 3 టెజ్ దగ్గర ఉంది, 33 కాపీలు. దాని కింద ఒకరు 6 టెజ్‌కు, ఇంకొకరు 5 టెజ్‌కు పెట్టారు. మీ దగ్గర మూడుకే దొరుకుతుంటే ఎవరు వెళ్లి ఆరు పెడతారు? మీ ముప్ఫై మూడు అయిపోయేదాకా ఆ ఇద్దరి కాపీలు కదలవు. కాపీలు ఎక్కువైతే చేతులు మారడం పెరుగుతుందన్నది కొనేవాళ్లు కాపీలకంటే ఎక్కువ ఉన్నచోట మాత్రమే నిజం. పైగా రాయల్టీ మీద ఆదాయం కట్టుకోవడం ఎంత ప్రమాదమో ఇథీరియం అనే ఇంకో బ్లాక్‌చెయిన్ మీద అమ్మిన ఆర్టిస్టులు అనుభవించారు. 2023 ఆగస్టులో ఓపెన్‌సీ అనే అమ్మకాల సైట్, రాయల్టీ ఇవ్వాలా వద్దా అన్నది ఇకపై అమ్మేవాళ్ల ఇష్టమని ప్రకటించింది. పది శాతం వస్తుందని లెక్కలు వేసుకున్నవాళ్లకు ఆ లెక్కలు ఒక్క ప్రకటనతో తారుమారయ్యాయి. మొదటి అమ్మకంలో వచ్చిందే మీ డబ్బు అనుకుని ఎడిషన్ నిర్ణయించండి. తర్వాత వచ్చేది వస్తే సంతోషం.

ఓపెన్ ఎడిషన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు చెప్పి చూపించే ఉదాహరణలన్నీ చాలా పెద్దవి. 2023 జనవరిలో జాక్ బుచర్ అనే ఆర్టిస్టు చెక్స్ (టిక్కు గుర్తుల బొమ్మ) పేరుతో ఓపెన్ ఎడిషన్ పెట్టారు. ఒక్కోటి 8 డాలర్లు, 24 గంటల సమయం. 16,031 కాపీలు మింట్ అయ్యాయి, అంటే బ్లాక్‌చెయిన్ మీద కొత్తగా తయారయ్యాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఎక్కడ చూసినా ఓపెన్ ఎడిషన్లే. అంతకుముందు 2021 డిసెంబర్‌లో పాక్ అనే ఆర్టిస్టు ద మెర్జ్ పెడితే 28,983 మంది కొన్నారు, మొత్తం 9.18 కోట్ల డాలర్లు. ఈ రెండింటిలోనూ ఒక విషయం గమనించండి. చెక్స్‌లో కాపీలను జత కలిపి, ఒకదాన్ని కాల్చేస్తూ (శాశ్వతంగా తీసేస్తూ) పోవచ్చు. అలా 4,096 కలిస్తే ఒకే ఒక్క నల్ల చెక్ తయారవుతుంది. మెర్జ్‌లో ఒకే వాలెట్‌లోకి వచ్చిన ముక్కలు తమంతట తామే కలిసిపోయి ఒకటవుతాయి. అంటే రెండింటిలోనూ ఎన్ని ఉన్నాయి, ఎన్ని మిగులుతాయి అన్నదే ఆ పని సారాంశం. అంకెతోనే వాళ్లు బొమ్మ గీశారు. మీరు వేసినవి మునిగిన రేవు, చెట్టుకు కట్టేసిన నావ, గడప మీద గీతలు గీసి నీళ్లు ఎంత పెరిగాయో చూసుకుంటున్న ముసలాయన. వాటిలో లెక్కకు పనేమీ లేదు. వాటికి పదహారు వేల కాపీల వల్ల ఒరిగేదీ లేదు.

ఇంకో ఉదాహరణ బీపుల్ అనే డిజిటల్ ఆర్టిస్టు. 2020 అక్టోబర్‌లో ఆయన 100 కాపీల ఎడిషన్‌ను కాపీ ఒక్క డాలర్‌కు ఇచ్చారు. ఐదు నెలలు తిరక్కుండానే, 2021 మార్చిలో, క్రిస్టీస్ వేలంలో ఆయన వన్ ఆఫ్ వన్ 6.93 కోట్ల డాలర్లకు పోయింది. అగ్గువకు వంద పంచితే పేరొస్తుందని దీన్ని చూపించి చెబుతారు. ఆ వంద కాపీలు పెట్టేనాటికి ఆయన 2007 మే 1 నుంచి ఒక్కరోజు కూడా మానకుండా రోజుకో బొమ్మ వేసి జనంలో పెడుతున్నారు. ఆ వంద కోసం వేలమంది కాచుకుని ఉన్నారు. మీకు ఎనిమిది మందికి వంద, ఆయనకు వేలమందికి వంద. అంకె ఒకటే అయినా పరిస్థితికి ఎక్కడా పోలిక లేదు.

అలాగని ఓపెన్ ఎడిషన్ పనికిరాదని నేననను. రవివర్మను చూడండి. 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మి, సరస్వతి బొమ్మలను ఓలియోగ్రాఫులుగా అచ్చువేయించారు. ఇన్నే వేయాలన్న లెక్క దానికి లేదు. ఆ బొమ్మలు మన పూజగదుల్లోకి వచ్చింది అలాగే. దానివల్ల ఆయన తైలవర్ణ చిత్రాల విలువ తగ్గలేదు, ఎందుకంటే ఏది కాన్వాసో ఏది అచ్చో అందరికీ తెలుసు. ఎక్కువమందికి చేరాల్సిన బొమ్మను అందుకోసమే అని చెప్పి వదిలితే ఓపెన్ ఎడిషన్ చక్కగా పనిచేస్తుంది. అందుకే మీ పన్నెండులో ఒకదాన్ని దానికి కేటాయించమన్నాను. ధర 1 టెజ్ చాలు. మొదటిసారి మీ పేరు విన్నవాళ్లకు, నాలుగు కాపీల్లో ఒకటి దొరకని వాళ్లకు, మీతో పనిచేసే ఆఫీసువాళ్లకు కూడా అది అందుబాటులో ఉంటుంది. మూడు రోజుల్లో 25 పోయినా సరే, 90 పోయినా సరే, ఆగిన దగ్గర ఆపేయండి. గడువు పొడిగించొద్దు. మీ అసలు అభిమానులు ఎంతమందో తెలియజెప్పే లెక్క కూడా మీకు అక్కడే దొరుకుతుంది, వచ్చే సిరీస్‌కు పనికొస్తుంది. అలాగని మీకు నచ్చని బొమ్మను ఓపెన్‌కు తోసేయొద్దు. మిమ్మల్ని మొదటిసారి చూసేవాళ్లు చూసేది దాన్నే.

ఇక ధర. ఎడిషన్ సైజు, ధర రెండూ కలిపే తేల్చుకోవాలి. నేను వాడే కొలత ఒకటి చెబుతాను. కాపీ ధరను అమ్మకానికి పెట్టిన కాపీలతో గుణించండి. వచ్చిన మొత్తం, అదే బొమ్మను వన్ ఆఫ్ వన్‌గా పెడితే మీకు వచ్చే ధరకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. మీ వన్ ఆఫ్ వన్‌లు 40 నుంచి 60 మధ్యలో పోయాయి, సుమారు 48 అనుకోండి. నాలుగు కాపీలకు 12 టెజ్ చొప్పున సరిపోయింది. ఇప్పుడు పాత ఎడిషన్‌ను ఇదే కొలతతో చూడండి: 50 ఇంటూ 3, 150. అంటే ఒక కాపీగా యాభై పలికే బొమ్మను మూడు రెట్ల ధర కట్టి బజారులో పెట్టినట్టయింది. కాపీ మూడే కదా, చవకే కదా అని మీకు అనిపించింది. మార్కెట్ మాత్రం 17 కాపీల దగ్గర, అంటే 51 టెజ్ దగ్గర ఆగింది. మీ వన్ ఆఫ్ వన్ ధర దగ్గరే ఆగింది, గమనించారా? ప్రతిసారీ ఇంత కచ్చితంగా కుదురుతుందని అనను గానీ, ఎడిషన్ మరీ పెద్దదైపోతోందా అని చూసుకోవడానికి ఇంతకంటే తేలికైన లెక్క నాకు దొరకలేదు.

ఇప్పటిదాకా చెప్పింది అమ్మకం లెక్క. దీనికంటే నేను ఎక్కువగా పట్టించుకునే విషయం ఇంకొకటుంది. ఎడిషన్ అంకె అంటే మీరు కొనేవాళ్లకు ఇచ్చిన మాట.

అచ్చు చిత్రాలు వేసేవాళ్ల దగ్గర ఈ మాటకు లోహం తోడుండేది. మన మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్న లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లు (లోహపు పలక మీద గీతలు చెక్కి తీసే అచ్చు చిత్రాలు) ఎప్పుడైనా దగ్గరగా చూసే అవకాశం వస్తే వదులుకోకండి. ఎచింగ్‌లో పలకకు ప్రతిసారీ సిరా పట్టించి, తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్ కింద నొక్కి తీయాలి. నొక్కేకొద్దీ పలక అరుగుతుంది. లోహం మీద సూదితో నేరుగా గీకే డ్రైపాయింట్‌లోనైతే గీత అంచున లేచే సన్నటి రేకు కొద్ది పదుల ప్రతులకే అణిగిపోయి, మొదటి ప్రతిలోని మెత్తటి నలుపు తర్వాతి వాటిలో కనిపించదు. అందుకే కాగితం కింద పెన్సిల్‌తో ఇన్నింటిలో ఇన్నోది అని రాసే పద్ధతి అక్కడ అంత ముఖ్యమైంది. కొనేవాడికి ఆ అంకె ఒక భరోసా. మీ ఫైల్‌కు అరుగుదల లేదు. యాభయ్యో కాపీ మొదటి కాపీలాగే ఉంటుంది, యాభై వేలదీ అంతే. పరిమితి పెట్టేది పూర్తిగా మీ మాట మాత్రమే.

స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఉంది కదా, అంకె బ్లాక్‌చెయిన్ మీద పడిపోతుంది కదా అంటారేమో. ఆ టోకెన్ వరకే అది నిజం. అదే బొమ్మను రేపు ఇంకో కాంట్రాక్ట్‌లో, ఇంకో చెయిన్ మీద, ఆకాశం రంగు కొంచెం మార్చి మళ్లీ మింట్ చేయకుండా మిమ్మల్ని ఏ కోడ్ కూడా ఆపదు.

ఇలాంటిదే ఫొటోగ్రఫీలో జరిగింది. అమెరికాలో విలియం ఎగల్‌స్టన్ అనే పెద్ద ఫొటోగ్రాఫర్, పాతకాలపు డై ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో పరిమిత సంఖ్యలో ప్రింట్లు వేసి అమ్మారు. 2012 మార్చిలో, పాత ఫొటోలను పెద్ద సైజులో డిజిటల్ ప్రింట్లుగా వేయించి క్రిస్టీస్‌లో వేలానికి పెట్టారు. 36 ప్రింట్లకు 59 లక్షల డాలర్లు వచ్చాయి. చిన్నపిల్లల మూడు చక్రాల సైకిల్ ఉన్న ప్రసిద్ధ ఫొటో కొత్త ప్రింట్ ఒక్కటే 5,78,500 డాలర్లకు పోయింది. అదే ఫొటో పాత ఎడిషన్‌ను అంతకుముందు రెండున్నర లక్షల డాలర్లు పెట్టి కొన్న జొనాథన్ సోబెల్ కోర్టుకెక్కారు. ఆయన ఎగల్‌స్టన్ ఫొటోలను పెద్దసంఖ్యలో సేకరించిన మనిషి, ఒక రకంగా వీరాభిమాని. 2013లో న్యూయార్క్ కోర్టు కేసు కొట్టేసింది. సైజు వేరు, పద్ధతి వేరు కాబట్టి ఇది కొత్త ఎడిషన్, పాత ఎడిషన్ మాట తప్పినట్టు కాదు అన్నది తీర్పు సారాంశం. చట్టప్రకారం ఎగల్‌స్టన్‌దే గెలుపు. కానీ అన్నేళ్లు తన పనిని ప్రేమించి కొన్న మనిషి తనమీదే కేసు వేసే పరిస్థితి ఎందుకు వచ్చింది? ఈ ఫొటో ఇంకే సైజులోనూ రాదనో, వస్తే రావచ్చనో మొదట్లోనే ఒక్క వాక్యం రాసి ఉంటే కోర్టుదాకా వెళ్లాల్సిన పని ఉండేది కాదని నా నమ్మకం. మీకున్న ఎనిమిది మందిలో ఒక్కరికి అలాంటి బాధ కలిగినా మీకు పెద్ద నష్టం.

కాబట్టి ప్రతి బొమ్మ వివరణలోనూ ఈ నాలుగు సంగతులు రాయండి. కొనేవాళ్లు ఎక్కువగా బయటి దేశాలవాళ్లు కనుక ఇంగ్లీషులో రాయండి, విషయం మాత్రం ఇది: "ఈ బొమ్మకు మొత్తం ఐదు కాపీలు. నాలుగు అమ్మకానికి, ఒకటి నా దగ్గర ఉంటుంది. ఇదే బొమ్మను రంగు మార్చి గానీ, సైజు మార్చి గానీ, కదిలేలా చేసి గానీ ఏ చెయిన్ మీదా మళ్లీ మింట్ చేయను. కాగితం ప్రింట్లు మాత్రం విడిగా, ఒకే సైజులో, ఇరవైకి మించకుండా వేస్తాను." చివరి వాక్యం కేఫ్ వాళ్ల కోసం. ప్రింట్లు వేయడం తప్పేమీ కాదు, టోకెన్లు అమ్మాక హఠాత్తుగా వేయడమే తప్పు. ఇరవై వద్దనుకుంటే పది రాయండి, అసలు వేయనని రాయండి. ఏదో ఒకటి మొదటి కాపీ అమ్మకముందే తేల్చుకోండి.

ఈ మాటలు ఎక్స్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పోస్ట్ చేసి ఊరుకోకండి, టోకెన్ వివరణలోనే ఉండాలి. మీరు టెజోస్‌కు వచ్చేలోపే జరిగింది కాబట్టి బహుశా చూసి ఉండరు, 2021 మార్చిలో మొదలై టెజోస్ ఆర్టిస్టులందరికీ ఇల్లయిన హిక్ ఎట్ నంక్ సైట్, అదే ఏడాది నవంబర్‌లో ఉన్నట్టుండి మూతపడింది. సైట్ పోయింది గానీ టోకెన్లు చెయిన్ మీద, ఫైళ్లు ఐపీఎఫ్ఎస్ అనే, ఒక్క సైట్ మీద ఆధారపడని నిల్వలో ఉండటంతో బొమ్మలు పోలేదు. వాడేవాళ్లే అదే సైట్‌ను వేరే అడ్రసుల్లో మళ్లీ నిలబెట్టారు. వివరణలో రాసుకున్నవి అప్పటికీ చదవగలిగేలా ఉన్నాయి. సైట్ మీద నమ్మకంతో వేరేచోట చెప్పుకున్న మాటలకు ఆ భద్రత ఉండదు.

ఇంకో చిన్న సంగతి. టెజోస్‌లో మామూలుగా వేసే ఎడిషన్‌లో కాపీలకు వరుస నంబర్లుండవు. ఐదు కాపీలూ ఒకే టోకెన్, సంఖ్య ఐదు, అంతే. కొన్నాయన తనది రెండోదో నాలుగోదో చూపించలేడు. నంబర్లు కావాలనుకుంటే ఒక్కో కాపీని విడి టోకెన్‌గా మింట్ చేయాలి. మీకు అవసరం లేదనే అనుకుంటున్నాను. నంబర్ ఇస్తామని మాత్రం ఎక్కడా మాటివ్వకండి.

పాత 33 కాపీల గురించి. వాటిని అలా వదిలి కొత్త సిరీస్ మొదలుపెట్టకండి. మీ పేజీకి వచ్చిన ప్రతివాళ్లకూ మొదట కనిపించేది అవే. ధర తగ్గించి వదిలించుకోవాలనీ అనిపిస్తుంది, ఆ పని చేయొద్దు. మూడు పెట్టి కొన్న 17 కాపీల వాళ్లకు రేపు అదే బొమ్మ ఒకటికి కనిపిస్తే మనసు కష్టపడుతుంది. మూడు కాపీలు మీ దగ్గర ఉంచుకుని 30 బర్న్ చేయండి. అప్పుడు మొత్తం 20 అవుతాయి. చేసేముందు కొన్నవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి: అమ్ముడవని ముప్ఫై కాపీలు ఫలానా తేదీన తీసేస్తున్నాను, ఇకపై ఇవి ఇరవయ్యే, అందులో మూడు నావి, వాటిని అమ్మను అని. ఎడిషన్ తగ్గించడం వల్ల కొన్నవాళ్లకు నష్టం లేదు కాబట్టి ఇది మాట తప్పడం కిందికి రాదు. పెంచడం మాత్రం ఎప్పటికీ చేయకూడని పని. ముప్ఫై బొమ్మలు కాల్చేస్తున్నానే అని బాధపడకండి. బొమ్మ ఒక్కటే, అది అలాగే ఉంటుంది.

రేవు మునిగిన బొమ్మ అడిగిన ఆయనకు సరేనని చెప్పొచ్చు. ఇంకా మీరు సిరీస్ వివరాలు ప్రకటించలేదు కాబట్టి ఎవరికిచ్చిన మాటా పోదు. అప్పుడు వన్ ఆఫ్ వన్‌లు మూడవుతాయి, ఐదేసి కాపీల బొమ్మలు ఎనిమిదవుతాయి, అమ్మకానికి 32. ఇంకా నయం. ధర మాత్రం ఆయన్నే అడగకండి, మీరే చెప్పండి. మీ ఇంతకుముందు వన్ ఆఫ్ వన్‌లలో ఎక్కువ పలికింది 60, దానికి తగ్గకుండా చెప్పండి. రెండోసారి కొన్న మనిషి, మూడోసారి తనంతట తాను వచ్చి అడుగుతున్నారంటే ఆ బొమ్మ ఆయనను గట్టిగానే పట్టుకుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఒకవేళ ఆయన కొననంటే, ఆ బొమ్మను ఎడిషన్‌లోకి తిప్పాలనుకున్నా అది ప్రకటనకు ముందే చేయాలి. ప్రకటించాక ఇంకొకరు ఇంకో బొమ్మను ఇలాగే వన్ ఆఫ్ వన్‌గా కావాలని అడిగితే, ఎంత ఇస్తామన్నా కుదరదని చెప్పాలి. ఒకే బొమ్మను ఒక చోట వన్ ఆఫ్ వన్‌గా, ఇంకో చోట ఎడిషన్‌గా ఎప్పుడూ పెట్టకండి.

అన్నీ ఒకే రోజు పెట్టొద్దు. నెలకు రెండు చొప్పున వదలండి. నెలకు అమ్మకానికి వచ్చేవి ఎనిమిది కాపీలే కాబట్టి మీ ఎనిమిది మందికీ ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది, జేబు మీద భారం పడదు. మొదటి రెండూ గంటలో అయిపోతే మీ చుట్టూ ఉన్నవాళ్లందరూ మిగతా వాటికి పది పెట్టు, ఇరవై పెట్టు అంటారు. అంకె జోలికి వెళ్లకండి. ధర ముందే ప్రకటించకపోతే 12ను 14 చేసుకోవచ్చు, అక్కడితో ఆగండి. ఒకవేళ రెండు నెలలైనా ఒక బొమ్మకు రెండు కాపీలే పోయాయనుకోండి, మిగిలిన రెండూ అక్కడే ఉండనివ్వండి. 33 మిగలడం వేరు, రెండు మిగలడం వేరు. కొత్తగా వచ్చినవాళ్లకు మీ పాత పని కొనుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పన్ను సంగతి కూడా కాపీల సంఖ్యతో ముడిపడే ఉంది కాబట్టి చెబుతున్నాను. మన దేశంలో ఇలాంటి డిజిటల్ ఆస్తుల అమ్మకం లాభం మీద 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, అదే ఏడాది జులై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. ఇక్కడి కలెక్టర్లు చిన్న చిన్న కాపీలు కొని అమ్మడానికి వెనకాడటానికి ఇదొక కారణం. సొంతంగా వేసి అమ్మేవాళ్ల ఆదాయాన్ని ఏ పద్దు కింద చూపాలన్నది మీ లెక్కలు చూసే సీఏనే అడగండి. ఆయన ఏం చెప్పినా ప్రతి అమ్మకానికీ తేదీ, టెజ్‌లో ధర, ఆ రోజు రూపాయల్లో దాని విలువ రాసిన పట్టిక మీ దగ్గర ఉండాల్సిందే. ముప్ఫై రెండు కాపీలకు ఆ పట్టిక ఒక పేజీ. పాత ఎడిషన్‌లోని పదిహేడుకు ఇంకా రాయకపోతే, బర్న్ చేసే ముందే కూర్చుని అది పూర్తిచేయండి.